తెరకు అటొకటి, ఇటొకటి

నంద్యాలలో ఫొటోగ్రాఫర్ జయరాజును ఆటపట్టించాలంటే ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు, ఆయన మెడ చూస్తే చాలు. పెళ్ళికి పోనీ, చర్చిలో కోత పండుగకు పోనీ, ఎవరిదో రిటైర్మెంటు సన్మానానికి పోనీ, ఎప్పుడు చూసినా రెండు కెమెరాలు వేలాడుతుంటాయి. "ఏమప్పా జయరాజూ, కంటికొకటా?" అని ఒకరంటే, "ఒకటి పెద్దామె, ఒకటి చిన్నామె" అని ఇంకొకరు అందుకుంటారు. ముప్పై నాలుగేళ్ళుగా ఆయన అందరికీ ఒకటే జవాబు చెబుతున్నాడు. "ఒకతూరి ఒకటే ఎత్తుకోని పోయినా లేప్పా. ఆ ముచ్చట చాలు."

ఆ ఒకతూరి కథ ఆయన కూతురు బ్లెస్సీకి ఉగ్గుపాలతో పట్టిందే.

1991లో ఆళ్లగడ్డలో మద్దిలేటాచారి పెళ్ళి. మద్దిలేటాచారిది రాతి విగ్రహాలు చెక్కే ఇల్లు. పెళ్ళికూతురు భారతమ్మది డోన్. జయరాజుకు అది స్టూడియో పెట్టిన కొత్త, చేతిలో ఉన్నది ఒకే కెమెరా. ఫిల్ము రోలుకు ముప్పై ఆరు ఫొటోలు. అదృష్టం బాగుంటే చివర్న ఇంకోటి, ఇంకా బాగుంటే రెండు కూడా పడతాయి. ఆ ఆశ మీదే ఆయన రోలు మార్చకుండా నిలబడ్డాడు. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని వంగాడు, మేళం ఒక్కసారిగా ఎత్తుకుంది, జయరాజు రోలు తిప్పే మీట లాగాడు. మీట కదల్లేదు, రోలు అయిపోయింది. పాత రోలు వెనక్కి చుట్టి, మూత తెరిచి, కొత్తది ఎక్కించి తలెత్తేసరికి మూడు ముళ్ళూ పడిపోయాయి, అక్షింతలు కూడా రాలాయి.

"ఇంకొక్కతూరి కట్టినట్టు చేయండన్నా" అని నోరు జారాడు. పందిట్లో పెద్దవాళ్ళ మొహాలు మారిపోయాయి. అప్పుడు పీటల మీద తల వంచుకుని కూర్చున్న పెళ్ళికూతురు, అంతవరకు గొంతెలా ఉంటుందో ఎవరికీ తెలియని పిల్ల, తల ఎత్తకుండానే అంది. "మూడు ముళ్ళు పడినాక నాలుగోది యాడ ఏసేది అన్నా?"

పందిరంతా గొల్లున నవ్వింది. జయరాజు మొహం కందగడ్డయింది. ఆల్బం చేసి ఇచ్చేటప్పుడు ఆయన తాళి ఫొటో రావాల్సిన పేజీని ఖాళీగా వదిలాడు. ఫొటో మూలల్ని పట్టి ఉంచే నాలుగు నల్ల కాగితం ముక్కలు మాత్రం అతికించి మధ్యలో ఏమీ పెట్టలేదు. ఇంకొకరైతే ఏ హారతి ఫొటోనో ఇరికించి సరిపెట్టేవాళ్ళు. ఈయనకు అది చేతకాదు. తప్పు జరిగిన చోట తప్పు కనబడాలంటాడు. ఆ ఏడాదే రెండో కెమెరా కొన్నాడు. అది మెడలోకి ఎక్కడమే గానీ మళ్ళీ దిగలేదు.

బ్లెస్సీకి ఇప్పుడు ఇరవై తొమ్మిది. నంద్యాల కుర్రవాళ్ళంతా పెళ్ళి పందిళ్ళ మీద డ్రోన్లు ఎగరేస్తుంటే ఈమె తండ్రి బీరువా తెరిచి రీలు కెమెరాలు బయటికి తీసింది. "ఆరిపోయిన పొయ్యి ఊదుతాండాది" అని చుట్టాలు నవ్వారు. కానీ బెంగళూరులో ఉద్యోగాలు చేసే పెళ్ళికూతుళ్ళు ఫోన్ చేసి మరీ "మాకు రీలు మీదే కావాలక్కా" అనడం మొదలయ్యాక ఆ నవ్వులు సద్దుమణిగాయి. ఆమె మెడలోనూ రెండే. ఒకదాని బెల్టుకు ఎర్ర దారం, ఇంకోదానికి తెల్ల దారం. ఎర్ర దారం కెమెరాలో చీకట్లో పనికొచ్చే రోలు, తెల్ల దారం దాంట్లో ఎండలో పనికొచ్చేది. తండ్రి నేర్పిన నియమాలు రెండు. ముఖ్యమైన ఘడియ వస్తోందంటే పాత రోల్లో పది ఫొటోలు మిగిలున్నా సరే, కొత్త రోలు ఎక్కించాలి. ఎక్కించాక పక్కనుండే గుండ్రటి గుబ్బ తిరుగుతోందో లేదో చూడాలి. గుబ్బ తిరిగితేనే లోపల రోలు కదులుతున్నట్టు.

మహానంది తిరునాళ్ళయిన వారానికి భారతమ్మ స్టూడియోకు వచ్చింది. ఇప్పుడామెకు యాభై మూడు. చేతుల నిండా రాతి దుమ్ము పట్టి పోని గీతలు. బెంచీ మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా అంది.

"జయరాజన్నా, నువ్వు నాకొక ఫొటో ఇయ్యాల. గుర్తుండాదా?"

"ఎట్ల మర్సిపోతానమ్మా."

"ఇప్పుడియ్యి. శుక్రవారం పొద్దున నరసింహస్వామికి కండ్లు తెరిపిస్తాండాం. వెలుగోడు పక్క పల్లె వాళ్ళ విగ్రహం. తెర లోపల కండ్లు తీసేది నేను."

జయరాజు చెవి కాస్త మందం. తప్పుగా విన్నాననుకుని కూతురి వైపు చూశాడు. బ్లెస్సీ కూడా నోరు తెరుచుకునే ఉంది. విగ్రహానికి కళ్ళు తీయడమంటే దాన్ని చెక్కిన స్థపతి ఒక్కడి పని, ఆళ్లగడ్డలో రాళ్ళు మోసే కూలీని అడిగినా చెబుతాడు. ఒళ్ళంతా చెక్కి, నునుపు పట్టి, చివరగా కనుగుడ్డు గీత ఒక్కటీ మిగులుస్తారు. దాన్ని మంచి ఘడియలో తెర కట్టి లోపల తీస్తారు.

"మీ బావకు చెయ్యి వణుకుతాండాది" అంది భారతమ్మ. "నాలుగేండ్లాయ. ఒళ్ళంతా ఆయన చెక్కుతాడు, కండ్ల కాడికొచ్చేసరికి ఉలి నాకిస్తాడు. పెండ్లయినప్పట్నుంచి ఆ దెబ్బలు వింటా బతికినా, నా చెయ్యికి వచ్చేసింది. తెర లోపల ఎవురు కొడతాండారో బయటోళ్ళకేం తెలుస్తాది? దీపం పట్టుకునేదానికి పెండ్లాం పోయిందనుకుంటారు. పదకొండు విగ్రహాలకు కండ్లు తీసినా పాపా. పదకొండింటికీ ఫొటోలు తీసినారు. ఒక్కదాంట్లో కూడా నేను లేను."

ఆమె గొంతులో ఏడుపు లేదు. బజారులో చింతపండు ధర చెప్పినట్టే చెప్పింది.

"ఒక్క ఫొటో చాలు. ఎవురికీ చూపియ్యను. పెట్టెలో పెట్టుకుంటా. నేను పోయినాక నా మనవరాలు తీసి చూసుకుంటాది."

"అత్తా, మరి నన్ను తెర లోపలికి రానిస్తారా?"

"యాడ రానిస్తారు! కండ్లు తెరిసినప్పుడు స్వామి ముందర మనిషి నిలబడగూడదు. తొలిచూపు అద్దం మీద పడాల. ఆ తర్వాత ఆవును, దూడను చూపిస్తాం. మనుషులు ఆమీటనే."

బ్లెస్సీ ఆలోచనలో పడింది. జయరాజు మాత్రం మోకాళ్ళు టకటకమనిపిస్తూ లేచి, బీరువా మీదున్న అట్టపెట్టె దించాడు. అందులోంచి ఇరవై అడుగుల సన్నటి రబ్బరు గొట్టం వచ్చింది. ఒక చివర నిమ్మకాయంత రబ్బరు బుడ్డ, ఇంకో చివర కెమెరా బటన్‌కు బిగించే సూది. కుటుంబం ఫొటో తీసేటప్పుడు ఫొటోగ్రాఫరు కూడా ఫొటోలో ఉండాలంటే వాడే పాత చిట్కా అది. దూరంగా నిలబడి బుడ్డ నొక్కితే గొట్టంలో గాలి పోయి బటన్‌ను తడుతుంది. "పాపా" అన్నాడు ఆయన, బుడ్డ మీద దుమ్ము ఊదుతూ. "కెమెరాలు రెండుండేది ఎందుకు? ఒకటి తెరకు ఆ పక్క, ఒకటి ఈ పక్క."

చెప్పినంత సులువు కాదని ఇద్దరికీ తెలుసు. లోపలి కెమెరా మీట చేత్తో లాగితేనే రెండో ఫొటోకు సిద్ధమవుతుంది. లాగడానికి లోపల ఎవరూ ఉండరు. అంటే ఒక్కటే ఫొటో. అదీ కళ్ళతో చూడకుండా, చెవితో విని తీయాలి.

గురువారం మధ్యాహ్నమే బ్లెస్సీ ఆళ్లగడ్డ బస్సెక్కింది. రోడ్డు పక్కన శిల్పుల రేకుల షెడ్లు వరసగా ఉంటాయి. మిషన్లు రాయి కోసే రొద, తెల్లటి దుమ్ము, సగం చెక్కిన గరుత్మంతులు, తలల్లేని నందులు. భారతమ్మ షెడ్డు వెనక పనికిరాని రాతిముక్క మీద కన్ను చెక్కి చూపిస్తుంటే బ్లెస్సీ గోడకు అవతల కూర్చుని కళ్ళు మూసుకుని విన్నది. మద్దిలేటాచారి దెబ్బలు మూడూ ఒకే మాదిరి పడతాయి, టక్, టక్, టక్. భారతమ్మది అలా కాదు. తేలికగా రెండు, కాస్త ఆగి ఒకటి.

"కడాకు నాకేమన్నా సైగ చేయి అత్తా. దగ్గినా చాలు."

"స్వామి కండ్లు తీస్తా నీకు సైగ చేసేదానికి నాకు తీరిక యాడుంటాది?" అని భారతమ్మ కసిరింది. తర్వాత మనసొప్పక చెప్పింది. "ఎడమ కన్ను కడాకు తీస్తా. దాని కడా దెబ్బ ఒంటిది. జత ఉండదు. ఆ దెబ్బ కొట్టి ఉలి అట్నే పెట్టి సూస్తా, ఆమీట దుమ్ము ఊదుతా."

చూసేదెంతసేపు? బ్లెస్సీ మనసులో లెక్కపెట్టుకుంది. ఒంటి దెబ్బకూ ఊదడానికీ మధ్య ఒక ఊపిరి. ఆ ఒక్క ఊపిరిలోనే చెయ్యి కదలదు. దీపం వెలుతురులో చెయ్యి కదిలిందంటే ఫొటో మసకబారిపోతుంది. ముందు నొక్కినా పోయినట్టే, తర్వాత నొక్కినా పోయినట్టే.

గోడ పక్కన నిలబడి ఇదంతా విన్న మద్దిలేటాచారి బీడీ పారేసి వచ్చాడు. "భారతీ, నీకు పిచ్చి గానీ పట్టిందా? బయటపడితే మనకింక విగ్రహాలు ఎవురిస్తారు?" భారతమ్మ ఉలి మొనను వేలితో చూసుకుంది. ఆయనే మెత్తబడి, మెత్తబడినందుకు తన మీద తనకే కోపమొచ్చి, లోపలికి పోయాడు.

శుక్రవారం పొద్దున తండ్రీకూతుళ్ళు ఇద్దరూ వచ్చారు. వెలుగోడు పక్కపల్లె పెద్దలు ట్రాక్టరేసుకుని దిగారు. అహోబిలం నుంచి శేషాద్రి స్వామి వచ్చాడు, మద్దిలేటాచారి చెక్కిన విగ్రహాలకు కళ్ళు తెరిపించే వేళ మంత్రం చదివేది ఎప్పుడూ ఆయనే. నల్లరాతి యోగ నరసింహుడు నాలుగడుగుల ఎత్తున పసుపు బట్ట చుట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా నిలువుటద్దం. బ్లెస్సీ ఎర్ర దారం కెమెరాను స్టాండు మీద పెట్టుకుని అద్దం పక్కకు తెచ్చేసరికి మద్దిలేటాచారి అడ్డం నిలబడ్డాడు.

"తెర లోపల కెమెరా పెట్టేది లేదు. స్వామి ముందర ఏమీ ఉండగూడదు. శాస్త్రం ఒప్పుకోదు."

అసలు భయం ఆయన అందరిలో చెప్పుకోలేడు గనక శాస్త్రాన్ని ముందుకు తోశాడు. ఊరి పెద్దలు ఔనౌనన్నారు. భారతమ్మ దీపం కుంది తోముతూ తలెత్తలేదు. అందరూ శేషాద్రి స్వామి వైపు తిరిగారు.

ఆయన తీరిగ్గా వచ్చి కెమెరా చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "ఏమమ్మా, ఈ పెట్టెలో మనిషెవురన్నా ఉండారా?"

"లేరు స్వామీ. అద్దముండాది."

"అద్దమా?"

బ్లెస్సీ లెన్సు తిప్పి ఊడదీసి చూపించింది. లోపల వేలెడంత అద్దం తళుక్కుమంది. శేషాద్రి స్వామి వంగి అందులో తన నామం చూసుకుని, కొంచెం వంకరపోయిందని వేలితో సరిచేసుకున్నాడు.

"మద్దిలేటీ, తొలిచూపు అద్దం మీద పడాలంటిమి. ఇదీ అద్దమే. ముందర మనిషి నిలబడగూడదంటిమి గానీ మూడు కాళ్ళ కొయ్య నిలబడగూడదని యాడా రాయలేదు. స్వామికి రెండద్దాలు ఎక్కువా ఏంది? కానీ కానీ, ఘడియ దాటిపోతాది."

మద్దిలేటాచారి పక్కకు తప్పుకున్నాడు. బ్లెస్సీ గబగబా లెన్సు బిగించి, అద్దం పక్కన స్టాండు నిలిపి, కొత్త రోలు ఎక్కించి, గుబ్బ తిరగడం చూసి, దూరం సరిచేసి, గొట్టం తగిలించి వెనక్కి నడుస్తూ బయటికి వచ్చింది. పసుపు తెర పడింది. లోపల మద్దిలేటాచారి, దీపం పట్టుకున్న భారతమ్మ. తెర కింది నుంచి గొట్టం పాములాగా బయటికొచ్చి బ్లెస్సీ ఎడమచేతిలోకి చేరింది. కుడిచేతిలో తెల్ల దారం కెమెరా.

ఎవరైనా గొట్టాన్ని తొక్కితే గాలి లోపలికి పోయి ఫొటో ముందే పడిపోతుంది. అందుకని జయరాజు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని గొట్టం పక్కన కాపలా కూర్చున్నాడు. "నాకా దెబ్బలు వినపడవు పాపా. వినేది నువ్వు, కాసేది నేను" అన్నాడు. ఒక పెద్దాయన దాటబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు, గేటు కాడ టికెట్లు చూసేవాడి దర్జాతో.

మంత్రం మొదలైంది. లోపల ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత టక్ టక్, ఆగి, టక్. ఉలి చేయి మారింది. బ్లెస్సీకి ఇన్ని చెవుల మధ్య ఆ దెబ్బలు ఎవరివో తన ఒక్కదానికే తెలుసని ఎంత గర్వంగా అనిపించిందో అంత భయమూ వేసింది.

కుడి కన్ను అయింది. ఎడమ కన్ను మొదలయ్యే వేళకు ఆవూ దూడా వచ్చాయి. ఆవు బుద్ధిమంతురాలే. దూడకే నిలకడ లేదు. తెర కింద కట్టిన అరటాకు చూసి తాడు లాక్కుని ఒక్క ఉరుకు ఉరికింది. జయరాజు కుర్చీ మీంచి లేచేలోపు అది గొట్టం మీదికి వచ్చేసింది. ఆయన రెండు చేతులా దాని మెడ కావలించుకుని పక్కకు పడ్డాడు. దాని గిట్ట గొట్టం మీద పడిందా, పక్కన పడిందా? ఎవరికీ తెలియలేదు. నరసింహస్వామి కళ్ళు తెరిచే ఘడియలో బ్లెస్సీ యేసయ్యను తలుచుకుని దూడను ఆపమని వేడుకుంది. ఎవరు ఆలకించారో గానీ దూడ ఆగింది.

టక్ టక్, ఆగి, టక్. టక్ టక్, ఆగి, టక్. తర్వాత ఏమీ లేదు. బ్లెస్సీ బుడ్డ చుట్టూ వేళ్ళు సర్దుకుంది.

టక్.

జత లేని దెబ్బ. ఆమె ఎడమ చెయ్యి బుడ్డను పిండింది, కుడి వేలు రెండో కెమెరా బటన్ నొక్కింది. చేతిలోని కెమెరా చప్పుడైంది. లోపలిది అయిందో లేదో మంత్రాల హోరులో వినబడలేదు. వెంటనే తెర వెనక "ఉఫ్" అని దుమ్ము ఊదిన చప్పుడు మాత్రం విన్నది.

తెర తీశారు. అద్దంలో స్వామి తనను తాను చూసుకున్నాడు, తర్వాత ఆవును చూశాడు, మొహం నిండా నురగతో ఉన్న దూడను చూశాడు. అప్పుడు మనుషులు ముందుకు వచ్చారు. ఊరి పెద్ద ఒకాయన ఎదురుగా నిలబడి, ఆ చూపు తాళలేక ఒకడుగు వెనక్కి వేశాడు. "సూస్తాండాడప్పా! నిజంగా సూస్తాండాడు!" అని చెంపలేసుకున్నాడు. మద్దిలేటాచారి చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. "బంగారు చేతులప్పా నీవి."

ఆ బంగారు చేతులు వణుకుతున్నాయి. భారతమ్మ పక్కన నిలబడి దీపం వత్తి సరిచేస్తోంది. బ్లెస్సీ లోపలి కెమెరా దగ్గరికి పోయి మీట లాగి చూసింది. మీట కదిలింది, అంటే ఫొటో పడింది. కానీ ఎప్పుడు పడింది? తన చెయ్యి నొక్కినప్పుడా, దూడ గిట్ట తొక్కినప్పుడా?

పెద్దలు ట్రాక్టరు దగ్గరికి పోయాక శేషాద్రి స్వామి మద్దిలేటాచారి పక్కన బండ మీద కూర్చున్నాడు. బ్లెస్సీ రెండడుగుల దూరంలో గొట్టం చుడుతోంది.

"మద్దిలేటీ, నాకు కండ్లు మసకలొచ్చినాయి గానీ చెవులు బాగనే ఉండాయి. నీ దెబ్బ మూడూ ఒకే మాదిరి పడతాది. లోపల కొట్టిన చెయ్యి అది కాదు. ఇయ్యాల్టి సంగతి కాదు, నాలుగేండ్లనుంచి ఆ చెయ్యి నీది కాదు."

మద్దిలేటాచారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. "స్వామీ... దోషమా?"

"దోషమైతే నాలుగేండ్లనుంచి నేనెందుకు మంత్రం సదువుతాండా? పక్క షెడ్డోళ్ళను అడుగు. ఎవురికి తెల్దు ఆ దెబ్బ? తెర కట్టుకుంటే కనపడకుండా పోతాది గానీ వినపడకుండా పోతాదా? నువ్వొక్కడివే గుట్టు అనుకోని మోస్తాండావ్."

ఆయన పంచె దులుపుకుని లేచిపోయాడు. తన ఒక్కదానికే తెలుసనుకున్న బ్లెస్సీ గర్వం అక్కడే కాస్త దిగింది.

ఆ మధ్యాహ్నమే నంద్యాలలో స్టూడియో వెనక చీకటి గదిలో తండ్రీకూతుళ్ళు ఫిల్ము రోళ్ళు కడిగారు. లోపలి కెమెరా రోల్లో మొదటి ఫొటో ఒక్కటే, మిగతాదంతా ఖాళీ. నీళ్ళు కారుతున్న రోలును బ్లెస్సీ బయటికి తెచ్చి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది. జయరాజు అద్దాలు సర్దుకుని ఆ వేలెడంత చదరంలోకి చూశాడు. చూసి కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"చెయ్యి కదల్లేదు పాపా" అన్నాడు. "ఉలి కదల్లేదు." గొట్టాన్ని తీసి గుండ్రంగా చుట్టి పెట్టెలో పెట్టాడు, మళ్ళీ తీసి మళ్ళీ చుట్టాడు.

మంగళవారం ఇద్దరూ రెండు ఫొటోలూ పెద్దవి చేయించుకుని ఆళ్లగడ్డ వెళ్ళారు. ఒకటి తెర బయటిది. ఎండలో పసుపు తెర, చేతులు జోడించిన పెద్దలు, మట్టిలో దూడను కావలించుకుని పడున్న జయరాజు. రెండోది తెర లోపలిది. రెండూ ఒకే క్షణానివి.

లోపలి ఫొటోలో పక్కనుంచి స్వామి కనుగుడ్డు మీద ఉలి మొన ఆనించి భారతమ్మ ఉంది. తల నిటారుగా, నాలుక కొన పళ్ళ మధ్య, ఎదురుగా ఉన్నది దేవుడైనా సరే తన పని తాను చూసుకునే మొహం. పక్కన దీపం పట్టుకుని మద్దిలేటాచారి. దేవుడు కళ్ళు తెరిచే ఆ ఘడియలో ఆయన దేవుణ్ణి చూడటం లేదు, భార్యను చూస్తున్నాడు. ఆయన చెక్కిన ఏ విగ్రహాన్నీ అంత గర్వంగా చూసి ఉండడు.

మద్దిలేటాచారి ఫొటో అందుకుని తన మొహం తానే చూసుకున్నాడు. చటుక్కున లేచి షెడ్డులోకి పోయాడు.

జయరాజు తన సంచీలోంచి జిగురు సీసా తీశాడు. "అమ్మా, ఆల్బం తీస్తావా? ఆ పేజీలో నల్లమూలలు ఇంకా ఉండాయా? లేకుంటే నేనే అతికిస్తా." ముప్పై నాలుగేళ్ళ బరువు దించుకోబోతున్న మనిషి గొంతు అది.

భారతమ్మ ఫొటోను ఒడిలో పెట్టుకుని చూస్తూనే ఉంది. అప్పుడు తలెత్తింది.

"ఆ పేజీ అట్నే ఉండనీ అన్నా. ఆ పొద్దు నువ్వు ఫొటో తీసింటే దాంట్లో నేను తల వంచుకోని ఉండేదాన్ని." ఫొటోను వాళ్ళ వైపు తిప్పింది. "దీంట్లో సూడు. తల ఎత్తుకోనుండా. దీన్ని పేజీలో మూసి పెట్టేది లేదు."

"పెట్టెలో పెట్టుకుంటానంటివే అత్తా?" అంది బ్లెస్సీ.

"సూడకముందు అంటి."

అప్పుడే మద్దిలేటాచారి బయటికి వచ్చాడు. చేతిలో సుత్తి, నోట్లో మేకు. ఎవరితోనూ మాట్లాడకుండా పోయి, రోడ్డు మీద పోయేవాళ్ళకు కనబడేలా తన పేరున్న బోర్డు పక్కన మేకు ఆనించి కొట్టబోయాడు. చెయ్యి వణికి మేకు జారి కింద పడింది. మళ్ళీ తీసి ఆనించాడు. మళ్ళీ జారింది.

"ఇట్లియ్యి" అంది భారతమ్మ.

ఆయన సుత్తి ఇచ్చేసి, రెండు చేతులతో ఫొటోను గోడకు ఆనించి పట్టుకున్నాడు. టక్ టక్, ఆగి, టక్. పక్క షెడ్డులో మిషను ఆగిపోయింది. ఆ పక్క షెడ్డులోంచి ఇద్దరు శిల్పులు దుమ్ము మొహాలతో తొంగిచూశారు. వాళ్ళకా దెబ్బ కొత్త కాదు, అది రోడ్డు మీదికి రావడమే కొత్త.

జయరాజు జిగురు సీసా మూత బిగించి, కూతురి భుజం తట్టాడు. "తియ్యి పాపా, తియ్యి. రోలుండాదా?"

బ్లెస్సీ అప్పటికే కెమెరా కంటికి ఆనించింది.

"రెండింట్లోనూ ఉండాది నాయనా."